కోత పడింది సరే, జమ పడిందా?

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఒడ్డుకు చేరి సరుకు వేలం పోయాక లెక్క అందరి ముందే తేలుతుంది. డీజిలుకింత, ఐసుకింత, ఓనరుకింత, బోటు నడిపే సరంగుకింత, వలలు లాగే కలాసీలకింత. పేచీలు రావని కాదు. కానీ తన వాటా ఎంతో అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. అదే ఊళ్లో ఆటోనగర్ షెడ్డులో పనిచేసే వెల్డరును ‘నీ పీఎఫ్‌లో ఓనరు వాటా ఎంత?’ అని అడగండి. ‘ఏదో కట్ చేస్తారండీ’ అంటాడు.

ఆ ‘ఏదో’ ఎంతో చూద్దాం. బేసిక్, డీఏ కలిపి అతని జీతం 14,000 రూపాయలు అనుకుంటే, పీఎఫ్‌కు 12 శాతం చొప్పున 1,680, జబ్బు చేస్తే ఆదుకునే కార్మిక బీమా ఈఎస్ఐకి 0.75 శాతం చొప్పున 105 రూపాయలు జీతంలోంచి పోతాయి. చీటీలో కనిపించే కోత ఇంతే. యజమాని తన వంతుగా మరో 1,680 పీఎఫ్‌కు, 3.25 శాతం లెక్కన 455 ఈఎస్ఐకి, అర శాతం లెక్కన 70 పీఎఫ్‌తో పాటు వచ్చే జీవిత బీమాకు కట్టాలి. నిర్వహణ చార్జీలు వేరు. ఈ వాటాను మళ్లీ కార్మికుడి జీతంలోంచే లాగడానికి వీల్లేదు. పాస్‌బుక్‌లో ఓనరు పేరున 514 రూపాయలే కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. ఓనరు కట్టే 12 శాతంలో 8.33 శాతం, అంటే 1,166 రూపాయలు, పెన్షన్ ఖాతాకు వెళ్తాయి. ఇది తెలియక ఓనరుతో గొడవకు దిగినవాళ్లూ ఉన్నారు.

అసలు గొడవ పడాల్సింది వేరే చోట. జీతంలో కోత కోసి, ఆ డబ్బు జమ చేయని చోట. ఈ నెల కోత వచ్చే నెల 15లోగా జమ కావాలి. కోసిన వాటాను కట్టకుండా ఉంచుకోవడం బాకీ కాదు, నేరపూరిత నమ్మకద్రోహం. ఈఎస్ఐ విషయంలో దెబ్బ ఇంకా సూటిగా తగులుతుంది. ఆరు నెలల్లో కనీసం 78 రోజులకు చందా పడితేనే, జబ్బుపడిన రోజులకు జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకూ వస్తుంది. చందా పడని కార్మికుడు మల్కాపురం ఈఎస్ఐ ఆసుపత్రి మెట్లెక్కాకే ఆ సంగతి తెలుసుకుంటే ఎవరిని అడగాలి? కాంట్రాక్టరు మారిపోయి ఉంటాడు. కానీ కాంట్రాక్టరు ఎగ్గొట్టినా పని చేయించుకున్న ప్రధాన సంస్థదే బాధ్యత అని చట్టం చెబుతోంది. పోర్టు నుంచి కూర్మన్నపాలెం దాకా కాంట్రాక్టు కార్మికుల మీదే నడిచే ఈ నగరంలో ఆ నిబంధన ఎందుకు నిద్రపోతోంది?

ఏ నెలకానెల పీఎఫ్, ఈఎస్ఐ కట్టిన చలానా కాపీని ఫ్యాక్టరీ గేటు దగ్గర అతికించాలని మేము కోరుతున్నాం. దీనికి పెద్ద ఖర్చేమీ కాదు. ఈలోగా కార్మికులు చేయగలిగినది ఒకటుంది. పీఎఫ్‌లో నమోదైన ఫోన్ నుంచి 9966044425కి మిస్డ్ కాల్ ఇస్తే చివరగా జమైన మొత్తం మెసేజీలో వస్తుంది. పనిలో పనిగా నామినీ పేరు కూడా సరిచూసుకోవాలి. సర్వీసులో ఉండగా చనిపోతే కుటుంబానికి 7 లక్షల వరకూ బీమా వస్తుందన్న సంగతి చాలా ఇళ్లకు తెలియదు.

జమ సక్రమంగా పడినా చేతికొచ్చేది ఎంత? పీఎఫ్ లెక్కకు తీసుకునే జీతం పరిమితి 2014 సెప్టెంబరు నుంచి 15,000 దగ్గరే ఆగిపోయింది. పెన్షన్ కూడా ఆ లెక్కే కాబట్టి, 35 ఏళ్లు చాకిరీ చేసినా 7,500 దరిదాపుల్లోనే తేలుతుంది. కనీస పెన్షన్ అయితే వెయ్యి రూపాయలు. పూర్ణా మార్కెట్లో నెలకు సరిపడా కూరగాయలైనా రావు. ఈ రెండు అంకెలనూ కేంద్రం మార్చి తీరాలి. నిరుడు నవంబరు 21న, అంటే 2025లో, అమల్లోకొచ్చిన సామాజిక భద్రతా కోడ్ అలవెన్సుల పేరుతో బేసిక్‌ను కుదించి పీఎఫ్ తగ్గించే ఎత్తుగడకు కొంత అడ్డుకట్ట వేసింది. అలవెన్సులు మొత్తం చెల్లింపులో సగం దాటితే, దాటినంతా జీతం కిందికే వస్తుంది. డెలివరీ కుర్రాళ్ల కోసం యాప్ కంపెనీలు టర్నోవరులో 1 నుంచి 2 శాతం ఇవ్వాలనీ అందులో ఉంది. ఆ డబ్బు ఏ రూపంలో వాళ్లకు చేరుతుందో చూడాలి.

ఇక పీఎఫ్ కట్టే ఓనరు లేనివాళ్లు, అంటే జగదాంబ జంక్షన్ ఆటోవాలా, రైతుబజారు పక్కన తోపుడుబండి ఆమె, హార్బర్ కలాసీ. వీళ్ల పక్కన రెండో వాటా కట్టేవాళ్లు ఉండరు. 2019లో వచ్చిన శ్రమయోగి మాన్‌ధన్ పెన్షన్ పథకంలో మాత్రం, నెల ఆదాయం 15,000 దాటని అసంఘటిత కార్మికుడు ఎంత కడితే కేంద్రం అంత కలుపుతుంది. 18 ఏళ్ల వయసులో పథకంలో చేరితే నెలకు 55 రూపాయలు, 40 ఏళ్లకైతే 200. అరవై దాటాక నెలకు 3,000 పెన్షన్. అటల్ పెన్షన్ అనే మరో పథకంలో నెలకు 5,000 రావాలంటే 18 ఏళ్లవాడు నెలకు 210 కడితే చాలు, 40 ఏళ్లవాడు 1,454 కట్టాలి. ఆలస్యానికి ధర అది.

నెలనెలా ఆటో డెబిట్ అంటే కలాసీకి టెన్షనే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఖాతాలో పైసా ఉండదు, పైగా జరిమానా. అటల్ పెన్షన్‌కు మూడు నెలలకో, ఆరు నెలలకో ఒకసారి కట్టే వీలుంది. బోట్లు నిండుగా వచ్చే రోజుల్లో కట్టేలా వాయిదా పెట్టుకోమని బ్యాంకు సిబ్బంది హార్బర్‌కే వచ్చి చెప్పాలి. వేలం జరిగే షెడ్డులో ఒక బల్ల, ఇద్దరు ఉద్యోగులు, వారానికో పూట చాలు.