'మా లిమిట్స్ కాదు' గారికి ఓ రైతు దండం

శ్రీయుత 'మా లిమిట్స్ కాదు' గారికి,

రెండు పోలీస్ స్టేషన్లలోనూ తమరి దర్శనం చేసుకుని ఇప్పుడే ఇంటికొచ్చానండీ, ఇంకా అన్నం కూడా తినలా, మాట కాస్త అటూఇటూ అయితే ఏమనుకోకండి.

మొక్కజొన్నకి ఆఖరి తడి పెట్టాల్సిన టైంలో కాలవ గట్టు మీద మోటారు పగలగొట్టి రాగి వైండింగ్ పీక్కుపోయారు, కేబుల్ కోసుకుపోయారు, ఖాళీ బాడీ మాత్రం మర్యాదగా వదిలేశారు. స్టేషన్‌కెళ్తే రైటర్ గారు ముందు తెల్లకాగితాలు తెచ్చుకోమన్నారు, అది మామూలే. తెచ్చి రాసిచ్చాక ఫోన్లో మ్యాప్ తీసి, రెండు వేళ్ళతో పెద్దది చేసి చేసి, "గట్టు అవతలోళ్ళ కిందకొస్తదండీ" అని తమరి పేరు చెప్పారు. అవతలకెళ్తే "నీ పొలం ఇవతల కదయ్యా" అని వాళ్ళూ తమరి పేరే చెప్పారు. పొలం ఒకరిది, గట్టు ఇంకొకరిది, మరి నీళ్ళలో ఉన్న ఫుట్‌వాల్వు ఎవరిదండీ, నేవీ వాళ్ళదా? హెడ్డు గారైతే చాలా సీరియస్‌గా "దొంగ ఏ వైపు నుంచి వచ్చాడు?" అనడిగారు. వాడు చెప్పి పోలేదు సార్.

2022 ఏప్రిల్‌లో జిల్లాని మూడు ముక్కలు చేశాక తమరి హోదా ఇంకా పెరిగింది, కాలవకి ఇటు గుంటూరు, అటు బాపట్ల. దొంగలకి మాత్రం ఇప్పటికీ ఉమ్మడి జిల్లానే.

2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ బదులు కొత్త చట్టం వచ్చిందిగా, బీఎన్ఎస్ఎస్ అని, దాని 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా రాసుకోవాలి, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు, కాపీ ఉచితంగా ఇవ్వాలి. మావాడు ఫోన్లో తీసిస్తే చూపించా. "జీరో ఎఫ్ఐఆర్ ఆడవాళ్ళ కేసులకండీ" అన్నారు. సెక్షన్లో ఆ ముక్క ఎక్కడుందో చూపించమంటే ఎస్ఐ గారు రావాలన్నారు. ఎస్ఐ గారు బెజవాడ బందోబస్తులో ఉన్నారు. దసరా అయితే కొండ, కాకపోతే ఎవరిదో కాన్వాయ్.

కుర్ర కానిస్టేబుల్ పాపం బయటిదాకా వచ్చి, "రాత్రి బీటుకి ఇన్ని ఊళ్ళకీ ఇద్దరమే బాబాయ్, ఏం చేస్తాం" అన్నాడు. అతని మీద నాకేం కోపం లేదు, కళ్ళు చూస్తే నిద్రపోయి ఎన్నాళ్ళయిందో అనిపించింది. కానీ ఆ వెంటనే, "ఆ రాగి ఏ పాత సామాన్ల కొట్టుకి పోద్దో అందరికీ తెలిసిందేగా" అన్నాడు చూడండి, అక్కడ కాలింది. తెలిస్తే పోయి పట్టుకోరేంటయ్యా! డొంక పక్కన తుమ్మచెట్ల కింద వైర్లు కాల్చిన మసి అలాగే ఉంది, సగం కరిగిన నా కేబుల్ తొడుగు ముక్కలు కూడా ఉన్నాయి, ఒక్కడొచ్చి చూసిన పాపాన పోలేదు. ఆ తుమ్మచెట్లు కూడా ఎవరి లిమిట్సో తేలాలా? ఈలోపు చేను ఎండిపోతంది, దానికి మ్యాప్ చూపిస్తే ఆగుద్దా?

స్టేషన్లో తీసుకోకపోతే ఎస్పీ గారికి పోస్టులో పంపొచ్చని అదే సెక్షన్లో ఉంది. రేపు పొద్దున్నే స్పీడ్ పోస్టు చేస్తన్నా. కవరు మీద గుంటూరు ఎస్పీ గారని రాయాలో బాపట్ల ఎస్పీ గారని రాయాలో, అదొక్కటీ తమరే సెలవివ్వండి.

ఇట్లు,
గట్టు మీద రైతు