యజమాని జేబు మూసుకుంటే క్లబ్ గతేంటి?

కోళ్ల ఫారాలు నడిపేవాళ్లకు పొద్దున లేవగానే కావాల్సిన మొదటి కబురు గుడ్డు ధర. హైదరాబాద్‌కు ఇంత, విజయవాడకు ఇంత అని నెక్ (నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీ) ప్రకటించే రేటు పేపర్లో రోజూ వస్తుంది. 1982లో ఆ నెక్ ఏర్పాటుకు నడుం కట్టిన డాక్టర్ బి.వి.రావు పేరు పౌల్ట్రీలో ఉన్న తెలుగువాళ్లందరికీ తెలుసు. ఆయన 1971లో మొదలుపెట్టిన వెంకటేశ్వర హ్యాచరీసే వెంకీస్‌గా ఎదిగింది. ఆ కుటుంబం చేతిలో ఇంగ్లండ్‌లోని ఒక ఫుట్‌బాల్ క్లబ్ ఉందన్న సంగతి మాత్రం మనలో చాలామందికి తెలియదు. ఆ క్లబ్ పేరు బ్లాక్‌బర్న్ రోవర్స్.

అదేదో గల్లీ జట్టు కాదు. 1875లో పుట్టింది. 1888లో ఇంగ్లిష్ లీగ్ మొదలైనప్పుడు ఉన్న 12 క్లబ్బుల్లో ఒకటి. 1995లో అక్కడి అగ్రశ్రేణి పోటీ అయిన ప్రీమియర్ లీగ్ గెలిచింది. బట్టల మిల్లులు మూతపడి చితికిపోయిన ఒక లాంకషైర్ ఊరు మాంచెస్టర్ యునైటెడ్‌ను దాటుకుని విజేతగా నిలవడం ఎలా కుదిరింది? ఆ ఊరివాడే అయిన జాక్ వాకర్ అనే ఉక్కు వ్యాపారి తన కంపెనీని బ్రిటిష్ స్టీల్‌కు అమ్మి, వచ్చిన డబ్బులో కొంత చిన్ననాటి నుంచి ప్రేమించిన క్లబ్‌లో పోశాడు. కెనీ డాల్‌గ్లిష్‌ను మేనేజర్‌గా రప్పించాడు. స్ట్రైకర్ అలన్ షియరర్‌ను బ్రిటిష్ రికార్డు ధరకు కొన్నాడు. స్టాండ్లు కొత్తగా కట్టించాడు. అంతటి మంచి యజమాని ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో ఇంకొకరు దొరకడం కష్టం. నా వాదన కూడా ఆయనతోనే మొదలవుతుంది, ఎందుకంటే చెడ్డ యజమాని వల్ల క్లబ్ చెడిపోయిందని చెప్పడంలో కొత్తేమీ లేదు. మంచి యజమాని ఉన్న క్లబ్ కూడా ఎందుకు అంతే ప్రమాదంలో ఉంటుందన్నదే మనం ఆలోచించాల్సింది.

వాకర్ 2000లో చనిపోయాడు. ఆయన డబ్బు చూసుకునే ట్రస్టుకు క్లబ్ మీద ఆయనకున్నంత మమకారం ఎందుకు ఉంటుంది? మెల్లగా చెయ్యి బిగించింది. చివరికి 2010 నవంబరులో 2.3 కోట్ల పౌండ్లకు, అప్పులతో సహా, వెంకీస్‌కు అమ్మేసింది. కొత్త యజమానులు నెల తిరగకముందే అనుభవజ్ఞుడైన మేనేజర్ సామ్ అలర్డైస్‌ను సాగనంపి, ఆ స్థాయిలో ఎప్పుడూ పూర్తి బాధ్యత మోయని స్టీవ్ కీన్‌ను కూర్చోబెట్టారు. ఆటగాళ్ల చేత కంపెనీ చికెన్ తినిపిస్తూ ఒక టీవీ ప్రకటన తీశారు. 2012 మే 7న విగన్ జట్టుతో ఆడిన మ్యాచ్‌లో ఓడి, 11 ఏళ్ల తర్వాత జట్టు ప్రీమియర్ లీగ్ నుంచి పడిపోయింది. ఆ సాయంత్రం ఈవుడ్ పార్క్ మైదానంలోకి అభిమానులు ఒక బతికున్న కోడిని వదిలారు. దాని ఒంటికి క్లబ్ జెండా చుట్టి ఉంది. ఆ దృశ్యం చూసి ప్రపంచమంతా నవ్వింది. కానీ కోడిని తెచ్చినవాళ్లు నవ్వించడానికి తేలేదు, మా మాట వినండి అని అడగడానికి వాళ్లకు వేరే దారి లేక తెచ్చారు. 2017లో జట్టు మూడో అంచెకు జారింది. ప్రీమియర్ లీగ్ గెలిచిన క్లబ్ అంత కిందికి వెళ్లడం అదే మొదటిసారి.

ఇక్కడ ఒక న్యాయమైన మాట చెప్పాలి. వెంకీస్ క్లబ్‌ను దోచుకోలేదు. ఏటా వచ్చే నష్టాన్ని తమ సొంత డబ్బుతో పూడుస్తూ వచ్చారు. ఆ మొత్తం 20 కోట్ల పౌండ్లు దాటింది. ఇంత పోసినా క్లబ్‌కు స్థిరత్వం రాలేదు. తర్వాత ఎవరూ ఊహించని చోట చిక్కు వచ్చింది. విదేశీ మారక చట్టం కింద ఈడీ విచారణ మొదలవడంతో, పుణె నుంచి బ్లాక్‌బర్న్‌కు డబ్బు పంపాలంటే ఢిల్లీ హైకోర్టు అనుమతి అవసరమైంది. లాంకషైర్‌లో జీతాలు ఇవ్వడానికి ఢిల్లీలో వాయిదా! ఆరోపణల్లో నిజమెంతో కోర్టు తేలుస్తుంది, అది వేరే సంగతి. ఈలోగా క్లబ్ ఏం చేయగలదు? ఉన్నదాన్ని అమ్ముకోగలదు. ఆ ఊళ్లోనే పుట్టి, చిన్నప్పటి నుంచి ఆ క్లబ్‌లోనే ఆట నేర్చుకున్న ఆడమ్ వార్టన్‌ను 2024 ఫిబ్రవరిలో క్రిస్టల్ ప్యాలెస్‌కు అమ్మేశారు. ఆ ఎండాకాలానికే అతను ఇంగ్లండ్ యూరో జట్టులో ఉన్నాడు. 2025లో మహిళల జట్టును రెండో అంచె లీగ్ నుంచి తప్పించారు, ఆ లీగ్ కోరిన ఖర్చు పెట్టలేమని.

ఫుట్‌బాల్ అప్పుల గురించి రాసేవాళ్లు సాధారణంగా అంకెల దగ్గర ఆగిపోతారు, ఫలానా క్లబ్‌కు ఇన్ని వందల కోట్లు అని. అంకె ముఖ్యమే, కానీ ఆ అప్పు ఎవరికి బాకీ, ఏ రోజున అడగొచ్చు అన్నది అంతకన్నా ముఖ్యం. యజమాని ఇచ్చేది చాలాసార్లు వడ్డీ లేని అప్పు. అప్పుడప్పుడు దాన్ని షేర్లుగా మార్చేస్తారు, లెక్కల్లో క్లబ్ శుభ్రంగా కనిపిస్తుంది. ఆ డబ్బు చూసుకుని ఆటగాళ్లతో నాలుగైదేళ్ల కాంట్రాక్టులు రాసుకుంటారు. యజమాని మనసు మారినా, వ్యాపారం కుదేలైనా, కోర్టు అడ్డం వచ్చినా ఆయన డబ్బు ఆగిపోతుంది. కాంట్రాక్టు మాత్రం ఆగదు. ప్రతి నెలా జీతం ఇచ్చి తీరాలి.

అసలు ఇంత ఖర్చు ఎందుకు చేస్తారంటే, ఇంగ్లండ్‌లో రెండో అంచెకు, ప్రీమియర్ లీగ్‌కు మధ్య టీవీ డబ్బులో ఉన్న తేడా అంత పెద్దది. పైకి వెళ్లడానికి ఆడే ఆఖరి ప్లేఆఫ్ మ్యాచ్ ఒక్కదాని విలువే 10 కోట్ల పౌండ్ల పైమాట. ఆ ఆశతో రెండో అంచె క్లబ్బులన్నీ కలిసి కొన్ని సీజన్లలో తమకొచ్చిన మొత్తం ఆదాయం కన్నా ఎక్కువ జీతాలకే ఖర్చు పెట్టాయి. కరెంటు బిల్లు, ప్రయాణాలు, గడ్డి కోత అన్నీ ఆ పైన. ఏటా పైకి వెళ్లేది మూడే క్లబ్బులు. మిగతావాళ్ల లోటు పూడ్చడానికి ఎవరో ఒకరు చెక్కు రాయాలి. అందుకే ఏ క్లబ్ అభిమానిని అడిగినా 'మాకు ఇంకా డబ్బున్న యజమాని కావాలి' అంటాడు. ఆ కోరికను తప్పు పట్టలేను. పక్క క్లబ్ కొంటుంటే చూస్తూ కూర్చోవడం ఎవరికైనా కష్టమే. కానీ ప్రతి ఊరూ అదే కోరుకుంటే జీతాలు పెరుగుతూనే ఉంటాయి, నిన్నటి కోటీశ్వరుడు నేటికి చాలడు.

డబ్బు ఎంతున్నా చాలదని చెల్సీ చూపించింది. 2003లో క్లబ్‌ను కొన్న రష్యా కుబేరుడు రోమన్ అబ్రమోవిచ్ సుమారు 150 కోట్ల పౌండ్లు అప్పుగా పోశాడు. జట్టు 2021లో యూరప్ విజేత, 2022 ఫిబ్రవరిలో ప్రపంచ క్లబ్ విజేత. నెల కూడా గడిచిందో లేదో, ఉక్రెయిన్ యుద్ధం మూలంగా మార్చి 10న బ్రిటన్ ఆయన ఆస్తులను స్తంభింపజేసింది. ఆ మధ్యాహ్నానికి చెల్సీ కొత్త టికెట్లు అమ్మకూడదు, స్టేడియంలోని దుకాణం తెరవకూడదు, బయటి ఊరి మ్యాచ్‌కు ప్రయాణ ఖర్చు 20 వేల పౌండ్లు మించకూడదు. ప్రపంచంలోని గొప్ప ఆటగాళ్లున్న జట్టు బస్సు ఖర్చు లెక్కపెట్టుకుంది. మే నెలాఖరుకు 250 కోట్ల పౌండ్లకు కొనేవాళ్లు దొరికారు కాబట్టి గట్టెక్కింది. లండన్ నడిబొడ్డున లేని క్లబ్ అయితే?

అలాంటి క్లబ్ ఒకటుంది, బరీ. మాంచెస్టర్ పక్క ఊరు. 2018 డిసెంబరులో ఒక వ్యాపారి దాన్ని ఒక్క పౌండ్‌కు కొన్నాడు. 2019 ఏప్రిల్‌లో జట్టు జీతాలు అందకుండానే ఆడి పై లీగ్‌కు అర్హత సాధించింది. ఆగస్టులో, మ్యాచ్ జరుగుతుందేమోనన్న ఆశతో వందల మంది జనం చీపుళ్లు, బకెట్లు పట్టుకుని గిగ్ లేన్ స్టేడియానికి వచ్చి కుర్చీలు కడిగారు. యజమాని దగ్గర డబ్బుందన్న రుజువు లీగ్‌కు అందలేదు. ఆగస్టు 27న, 125 ఏళ్లుగా లీగ్‌లో ఉన్న క్లబ్‌ను బహిష్కరించారు. ఆ కుర్చీలు కడిగినవాళ్లలో ఒక్కరికీ క్లబ్ లెక్కలు చూసే హక్కు లేదు. తర్వాత ఆ అభిమానులే పోగై క్లబ్‌ను మళ్లీ నిలబెట్టుకున్నారు. ఇప్పుడు అది చాలా కింది లీగుల్లో ఆడుతోంది.

మాంచెస్టర్ యునైటెడ్ కథ దీనికి తిరగబడిన రూపం. అక్కడ యజమాని డబ్బు పోయలేదు, క్లబ్ చేతే తన కొనుగోలుకు డబ్బు కట్టించుకున్నాడు. 2005లో గ్లేజర్ కుటుంబం 79 కోట్ల పౌండ్ల ధరలో పెద్ద భాగం అప్పు తెచ్చి, ఆ భారాన్ని అప్పటిదాకా ఏ అప్పూ లేని క్లబ్ నెత్తినే పెట్టింది. ఇరవై ఏళ్లు వడ్డీలు కట్టినా 65 కోట్ల డాలర్ల అసలు అలాగే ఉంది. 2024లో ఖర్చు తగ్గించాలంటూ 250 మంది ఉద్యోగులను తీసేశారు. ఆ అప్పు చేసింది వాళ్లు కాదు.

సభ్యులే యజమానులైతే అంతా బాగుంటుందా అంటే, నాకు ఆ నమ్మకమూ లేదు. బార్సిలోనా సభ్యుల క్లబ్బే. 2021లో దాని బాకీలు 135 కోట్ల యూరోలని అధ్యక్షుడే ప్రకటించాడు, మెస్సీని వదులుకోవాల్సి వచ్చింది. ఎన్నికల్లో గెలవాలనుకునే అధ్యక్షుడికి కూడా చేతికి ఎముక ఉండదు. జర్మనీలో సభ్యులకు సగానికి మించి ఓట్లు ఉండాలన్న నియమంతో పాటు, సీజన్ మొదలవకముందే క్లబ్ లెక్కలు లీగ్ ముందు పెట్టి లైసెన్సు తెచ్చుకోవాలి. నా దృష్టిలో అక్కడి క్లబ్బులను కాపాడుతున్నది ఓటు కన్నా ఆ లెక్కల తనిఖీయే.

ఈ గొడవంతా ఇంగ్లండ్‌దని అనుకోవడానికి హైదరాబాదీలకు వీల్లేదు. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపి హైదరాబాద్ ఎఫ్‌సీకి కప్పు తెచ్చాడు. క్లబ్ పుట్టి అప్పటికి మూడేళ్లు కూడా నిండలేదు. రెండు సీజన్లు తిరిగేసరికి జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం వచ్చిపడ్డాయి. విదేశీ ఆటగాళ్లు ఒకరి వెంట ఒకరు వెళ్లిపోయారు. కోచ్ థాంగ్‌బోయ్ సింగ్టో కుర్రాళ్లతోనే బండి లాగాడు. 22 మ్యాచ్‌లలో ఒకే ఒక్క గెలుపు. గచ్చిబౌలి స్టేడియంలో అభిమాన సంఘం డెక్కన్ లెజియన్ కుర్రాళ్లు మాత్రం డప్పులు ఆపలేదు. 2024లో కొత్త యజమాని వచ్చాడని ఊపిరి పీల్చుకున్నారు. 2025లో ఆ యజమాని క్లబ్‌ను ఢిల్లీకి తరలించి పేరు కూడా మార్చేశాడు. కప్పు గెలిచిన ఊరికి ఇప్పుడు ఐఎస్ఎల్‌లో జట్టే లేదు.

ఈ నగరానికి ఫుట్‌బాల్ కొత్త కూడా కాదు. కోచ్ రహీం సాబ్ తీర్చిదిద్దిన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరసగా ఐదేళ్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ గెలిచింది. భారత్‌కు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల స్వర్ణం కూడా ఆయన కోచ్‌గా ఉండగా వచ్చినవే. ఆ పోలీస్ ఆటగాళ్లకు డిపార్ట్‌మెంట్ ఉద్యోగం ఉండేది. జట్టు ఓడినా ఇంట్లో పొయ్యి వెలిగేది. ఆ కాలం తిరిగి రాదు, రావాలని కూడా నేను అడగడం లేదు. ప్రొఫెషనల్ లీగ్ పెట్టుకున్నప్పుడు ఆటగాడికి ఆపాటి భరోసా ఇంకో రూపంలో ఉండాలి కదా అన్నదే నా ప్రశ్న.

ఇంగ్లండ్ ఆలస్యంగానైనా మేలుకుంది. లండన్‌లోని వింబుల్డన్ ఫుట్‌బాల్ క్లబ్‌ను యజమానులు మిల్టన్ కీన్స్ అనే వేరే ఊరికి తరలించడానికి 2002లో అనుమతి దొరికినప్పుడు అభిమానులు ఏమీ చేయలేకపోయారు. బరీ పోయింది. 2021లో పెద్ద క్లబ్బులు సూపర్ లీగ్ అంటూ విడిపోబోయాయి. ఇవన్నీ కలిసి 2025 జులైలో ఒక చట్టంగా మారాయి. ఆ చట్టం ప్రకారం స్వతంత్ర నియంత్రణ సంస్థ అనుమతి లేకుండా స్టేడియం అమ్మడానికి లేదు, అభిమానుల ఆమోదం లేకుండా క్లబ్ చిహ్నం, జెర్సీ రంగు మార్చడానికి లేదు. యజమాని దగ్గర డబ్బుందా, అది ఎక్కడి నుంచి వస్తోంది అని ఆ సంస్థ అడగగలదు.

మన దగ్గర ఇంత పెద్ద చట్టం కోసం ఎదురుచూడక్కర్లేదు. ఏఐఎఫ్ఎఫ్ (అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య) తన లైసెన్సు నిబంధనల్లో రెండు మాటలు గట్టిగా రాసి అమలు చేస్తే చాలావరకు పని జరుగుతుంది. ఒకటి, సీజన్ మొదలయ్యే ముందే ఆ ఏడాది జీతాలకు సరిపడా మొత్తం లీగ్ దగ్గర బ్యాంకు గ్యారంటీగా ఉండాలి, రెండు నెలలు జీతం ఆగితే అందులోంచి నేరుగా ఆటగాడి ఖాతాకు పోవాలి. మైదానం చూసుకునే పనివాళ్లకు, జట్టు బస్సు డ్రైవర్‌కు కూడా ఇది వర్తించాలి, ఎందుకంటే వాళ్లకు ఫిఫా దాకా వెళ్లే దారి లేదు. రెండోది, క్లబ్ ఊరు మారాలంటే ఆ ఊరి సీజన్ టికెట్ కొన్నవాళ్ల ఓటు కావాలి. యజమానికి ఇష్టం లేకపోతే తప్పుకోవచ్చు, లైసెన్సు ఆ ఊరికే మిగలాలి. ఇలా అడిగితే పెట్టుబడిదారులు రారని అంటారు. ఏడాది జీతాలకు గ్యారంటీ ఇవ్వలేనివాడు రాకపోతే హైదరాబాద్‌కు వచ్చే నష్టమేమిటో వాళ్లే చెప్పాలి.