ప్రమాదకారిని గుర్తించు విధానం

పెద్ద నేరం రుజువైన మనిషి చేతిలో తుపాకీ ఉండకూడదన్న విషయంలో అమెరికా పాలకులకు పెద్దగా పేచీ లేదు. ఉంటే ఏం చేయాలన్న దగ్గర మాత్రం ఏ రాష్ట్రం పంచాంగం ఆ రాష్ట్రానిదే. లూసియానాలో కఠిన శ్రమతో 5 నుంచి 20 ఏళ్ల జైలు. పెరోలు ఊసే ఎత్తకూడదు. వెర్మాంట్ రాష్ట్ర చట్టంలో 2015 దాకా ఇలాంటి నిషేధమే లేదు. ఆ ఏడాది మేల్కొని, హింసాత్మక నేరాలు చేసినవారికి మాత్రమే వర్తింపజేసి, శిక్షను గరిష్ఠంగా 2 ఏళ్లతో సరిపెట్టారు.

వీటన్నిటికన్నా టెక్సాస్ పద్ధతి ఆలోచనాపరులను అబ్బురపరుస్తుంది. శిక్ష, ఆపై పర్యవేక్షణ ముగిసి 5 ఏళ్లు నిండినవాడు తాను నివసించే ఇంట్లో తుపాకీ ఉంచుకోవచ్చు, దానితో ఆవరణ దాటితే మాత్రం నేరం. గడపకు ఇంతటి మహిమ ఉందని మన వాస్తు పండితులకు సైతం తోచలేదు. అయితే దేశమంతటికీ వర్తించే ఫెడరల్ చట్టానికి వాస్తు మీద నమ్మకం లేదు. ఏడాదికి మించి జైలు పడగల నేరం రుజువైతే చాలు, హక్కులు పునరుద్ధరిస్తే తప్ప, ఇంట్లోనైనా బయటైనా తుపాకీ ముట్టరాదు. ముడితే, 2022 నాటి సవరణ ప్రకారం, 15 ఏళ్ల దాకా జైలు. కనుక హ్యూస్టన్‌లో సోఫా మీద కూర్చున్న ఆ పెద్దమనిషి ఏకకాలంలో టెక్సాస్ రాజధాని ఆస్టిన్ దృష్టిలో సంసారి, వాషింగ్టన్ దృష్టిలో నేరస్థుడు.

ఫెడరల్ చట్టం చూపు ఎంత నిశితమో చెప్పడానికి పెన్సిల్వేనియా ఉదంతం ఒకటి చాలు. ఆదాయం తక్కువ చూపించి 2,458 డాలర్ల ఆహార కూపన్లు పొందిన ఒక వ్యక్తికి 1995లో నేరం రుజువైంది. ఒక్కరోజు జైలు శిక్ష కూడా పడకపోయినా, వేట తుపాకీ కొనే హక్కు పోయింది. అతని విషయంలో ఈ నిషేధం చెల్లదని ఫిలడెల్ఫియాలోని అప్పీళ్ల కోర్టు 2023లో చెప్పింది, 2024లో మళ్లీ చెప్పవలసి వచ్చింది.

ఇంతటి అప్రమత్త చట్టమూ దయ చూపిన నేరస్థులు లేకపోలేదు. కంపెనీలు కుమ్మక్కై ధరలు పెంచడం వంటి గుత్తాధిపత్య నేరాలను ఈ నిషేధం లెక్కలోకే తీసుకోదని నిర్వచనంలోనే రాసిపెట్టారు. కాబట్టి తుపాకీ మీద మమకారం ఉన్నవారు ఆహార కూపన్ల జోలికి పోకుండా, దేశం మొత్తం తినే ఆహారం ధరను నలుగురు పోటీదారులతో కూడబలుక్కుని పెంచుకోవడం క్షేమం.