మహారాజశ్రీ నయనం గారికి

నమస్కారాలు. ఉభయకుశలోపరి అని రాద్దామనుకున్నాను గానీ, మీ వైపు కుశలం అంతంతమాత్రమే. నలభై ఆరో ఏట చత్వారం తెచ్చిపెట్టారు. మొన్న జోడు కోసం వెళ్తే షాపు గోడ మీద 'సర్వేంద్రియానాం నయనం ప్రధానం' అని బారెడు అక్షరాలు. దూరం నుంచి బాగానే కనిపించాయి. చేతికిచ్చిన రేట్ల కార్డు మాత్రం చదవలేకపోయాను.

అసలీ ప్రధాన పదవి మీకు ఎవరిచ్చారండీ? ఎన్నికేమైనా జరిగిందా? జరిగితే ఓటర్ల జాబితాలో మా టామీ పేరుందా?

టామీ కోసం ఎర్ర బంతి కొన్నాను. గడ్డిలోకి విసిరితే అది పక్కనుంచే వెళ్లిపోయింది. "కళ్ల ముందే ఉంది కదరా!" అని మీ మాట నమ్మి తిట్టాను. తర్వాత తెలిసింది. రంగులు పట్టే కణాలు మీకు మూడు రకాలు, కుక్కకు రెండే. ఎరుపూ పచ్చా దానికి దాదాపు ఒకటే మురికి పసుపు. అది నా తిట్లను లెక్కచేయకుండా ముక్కు నేలకు ఆనించి బంతి తెచ్చేసింది. తిరిగొస్తూ కరెంటు స్తంభం దగ్గర ఆగి, ఎవరొచ్చి వెళ్లారో తీరిగ్గా చదువుకుంది. నాకు అక్కడ కనిపించింది ట్యూషన్ పాంప్లెట్టొకటే.

ఎరుపు చూస్తే ఎద్దుకు కోపమన్న పుకారూ మీ పుణ్యమే. దానికీ ఎరుపు సరిగా తెలియదు. స్పెయిన్ ఎద్దుల పోటీల్లో ఆ ఎర్రగుడ్డ ఊగుతుంది కాబట్టి మీద పడుతుంది. మన పాములవాడి నాగస్వరమూ అంతే. ఊదే బుర్ర ఊగినట్టల్లా పాము తల కదులుతుంది. మీరేమో రాగానికి పరవశించిందంటారు.

పొద్దుతిరుగుడు పువ్వు మీకు నిండా పసుపు. తేనెటీగకు అతినీలలోహిత కాంతి కనిపిస్తుంది కాబట్టి, రేకుల మొదట్లో ముదురు వలయం తెలుస్తుంది. పువ్వు ఆ ముగ్గు వేసుకున్నది తేనెటీగ కోసం. పిలవని పేరంటానికి వెళ్లి ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టుకునేది మీరు. పైగా ఆ కాంతిని చాలావరకు గుమ్మంలో ఆపేస్తున్నది మీ సొంత కటకమే.

ఇవన్నీ క్షమించొచ్చు. నాకు ఒళ్లు మండేది మీ వైరింగ్ చూసి. మీ లోపలి తెర రెటీనాలో వెలుతురు పట్టే కణాలు వెనకాల, వాటి నరాల తీగలు ముందు! గోడ లోపల పోవాల్సిన వైర్లను హాల్లోంచి లాగి, బయటికి పంపడానికి గోడకు కన్నం కొట్టిన మేస్త్రీకి ఎవరైనా కూలి ఇస్తారా? ఆ కన్నం ఉన్నచోట మీకేమీ కనిపించదు. ఆక్టోపస్‌కు తీగలు వెనక నుంచే పోతాయి, కన్నం గొడవే లేదు. (దానికి రంగులు తెలియవని మీరు గుర్తుచేస్తారు, నాకు తెలుసు.) మీ కన్నాన్ని మెదడు చుట్టుపక్కల ఆనవాళ్లను బట్టి పూడ్చేసి రిపోర్టు పంపుతుంది. మీరు చదవకుండానే సంతకం పెడతారు. ఆ ధీమాతోనే మేం 'కళ్లారా చూశాను' అని పంచాయితీల్లో రొమ్ము విరుచుకుంటాం.

ఇది రాస్తుండగా కాగితం మీద ఒక ఈగ వాలింది. మా గదిలో పాత చోక్ ట్యూబ్‌లైటు. 50 హెర్ట్జ్ కరెంటుకు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. మీకు మాత్రం నిలకడగా వెలుగుతున్నట్టే ఉంటుంది. ఈగ కన్ను సెకనుకు 200కు పైగా మినుకులను విడివిడిగా పట్టగలదట. అంటే ఈ గది దానికి పెళ్లిపందిట్లో సీరియల్ సెట్టు. పేపరు మడిచి మెరుపులా కొట్టాను. నా మెరుపు దానికి ఘాట్ రోడ్డెక్కుతున్న పల్లెవెలుగు బస్సులా కనిపించినట్టుంది. తాపీగా లేచి, ఒక చుట్టు తిరిగి, వచ్చి మీ రెప్ప మీదే వాలింది.

ఇట్లు,
సదరు రెప్ప యజమాని