సవరణ: జార్జియాలో పోస్టు ద్వారా ఓటు

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో పోస్టు ద్వారా ఓటు వేసేవారిని సంతకాలు పోల్చి నిర్ధారిస్తారని నిన్న రాశాను. అది పాత పద్ధతి, సరిచూసుకోకుండా రాయడం నా తప్పే.

2021లో వచ్చిన ఎస్‌బీ 202 చట్టంతో ఆ పోలిక పోయింది. ఆ చట్టం ప్రకారం పోస్టు బ్యాలెట్ కోసం పెట్టే దరఖాస్తులో పుట్టిన తేదీతో పాటు రాష్ట్ర డ్రైవింగ్ లైసెన్సు లేదా రాష్ట్ర గుర్తింపు కార్డు నంబరు రాయాలి. ఆ రెండూ లేనివారు చెల్లుబాటయ్యే మరో గుర్తింపు పత్రం నకలు జతచేయాలి. బ్యాలెట్ కవరు దగ్గర నియమం కాస్త వేరు: అక్కడ లైసెన్సు గానీ కార్డు గానీ లేకపోతే సోషల్ సెక్యూరిటీ నంబరు (అమెరికా ప్రభుత్వం ఇచ్చే వ్యక్తిగత సంఖ్య)లోని చివరి 4 అంకెలు రాయొచ్చు.

అలాగని సంతకం మానేయకండి, కవరు మీది ప్రమాణం కింద అది తప్పనిసరి. దరఖాస్తు ఎన్నికకు కనీసం 11 రోజుల ముందే అధికారులకు చేరాలి.