సుబ్బారావు గారి స్వభావ నిర్ణయం

గొప్పవారిని వారు చేసిన పనులనుబట్టి అంచనా వేసే మోటు పద్ధతికి కాలం చెల్లింది. ఇన్ని వ్యక్తిత్వ సిద్ధాంతాలు చేతికందుతుండగా, 1895లో భీమవరంలో పుట్టి, ఫోలిక్ ఆమ్లమనే విటమిన్, క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్, బోదకాలు మందు హెట్రజాన్ వంటివాటి వెనుక నిలిచిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు ఏ గడిలోనూ కూర్చోకుండా తప్పించుకు తిరగడం మన శాస్త్రీయ దృష్టికే తలవంపులు. ఆ లోటు తీర్చడానికి పూనుకున్నాను.

ముందుగా మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్. చదువుకునే రోజుల్లో సుబ్బారావు రామకృష్ణ మఠంలో చేరి సన్యసిస్తానంటే తల్లి వెంకమ్మ గారు ససేమిరా అన్నారు. ఆయన ఆ ఆలోచన మానుకుని వైద్యంలో చేరారు. ఇది తల్లికి లొంగిపోవడమని సిద్ధాంతం ఘంటాపథంగా చెబుతుంది. సన్యసించి ఉంటే తల్లి నుంచి పారిపోవడమని అంతే ఘంటాపథంగా చెప్పేది. ఎటు తిప్పినా నిజమయ్యే ఇంత గట్టి శాస్త్రం, జ్యోతిషం తర్వాత ఇదొక్కటే.

మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కిన న్యూనతాభావమే ఆయనను కణాలకు శక్తినందించే ఏటీపీ అనే పదార్థంపై 1929 నాటి పరిశోధన దాకా తరిమిందని, న్యూనతే మనిషిని నడిపిస్తుందన్న మనస్తత్వవేత్త అడ్లర్ శిష్యులు చెప్పగలరు. అదే పరీక్ష తప్పిన మిగతావారు భీమవరం ఎందుకు దాటలేదంటే, వారికి న్యూనత చాలలేదని సరిపెట్టుకోవాలి.

మనస్తత్వవేత్త మాస్లో దగ్గరే చిక్కు వచ్చింది. తిండి, గూడు, భద్రత అనే మెట్లన్నీ ఎక్కాకే మనిషి తన ప్రతిభను పండించుకుంటాడని ఆయన సూత్రం. సుబ్బారావు 1922లో బోస్టన్‌లో దిగాక, ఇక్కడి పట్టా అక్కడ చెల్లక, హార్వర్డ్‌లో చదువుతూనే రాత్రిళ్లు పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రోగుల బెడ్‌పాన్‌లు కడిగారు. రాత్రి అట్టడుగు మెట్టు మీద, తెల్లారితే కొస మెట్టు మీద ఉండటం నిబంధనలకు బొత్తిగా విరుద్ధం. మాస్లో తన సూత్రాన్ని 1943లో గానీ ప్రకటించలేదు కనుక, తెలియక చేశారని మన్నించాను.

మనుషులను పదహారు రకాలుగా విడదీసే మైయర్స్-బ్రిగ్స్ వ్యక్తిత్వ పరీక్ష ప్రకారం, ప్రచారానికి ముఖం చాటేశారు కనుక ఆయన అంతర్ముఖుడు. లెడర్లీ మందుల కంపెనీలో పెద్ద పరిశోధక బృందాన్ని నడిపారు కనుక బహిర్ముఖుడు. సోమవారం ఒకటి, గురువారం మరొకటి తేలడం ఆ పరీక్షకున్న సౌలభ్యం. కంపెనీలకు అదంటే అంత ప్రీతి అందుకే కాబోలు.

ఇక మనిషిని ఐదు గుణాలతో కొలిచే ప్రశ్నావళిలోని సర్దుబాటు గుణం. గాంధీ పిలుపు విని మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు గౌను వేసుకున్నందుకు శస్త్రచికిత్స ఆచార్యులు బ్రాడ్‌ఫీల్డ్ దొరవారు మండిపడ్డారు. రాతపరీక్షలు బాగా రాసినా సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్. బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టా దక్కింది. ఈ గుణానికి ఆయనకు రెండు మార్కులకు మించి వేయలేకపోయాను. దొరవారికి ఎన్ని వేయాలో ప్రశ్నావళి అడగలేదు.

హార్వర్డ్‌లో ఆయన పై ఆచార్యులు ఫిస్క్ గారి అసూయ వల్ల సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలు వెలుగు చూడక, ఏళ్ల తర్వాత వేరొకరు మళ్లీ కనుక్కోవలసి వచ్చిందని నోబెల్ గ్రహీత జార్జ్ హిచింగ్స్ చెప్పారు. ఈ అసూయకు సుబ్బారావు పత్రంలో గడి లేదు. చాలాసేపు వెతికి, చివరికి దాన్ని ఆయన ఖాతాలోనే ‘చొరవ లోపం’ కింద వేసి, మార్కులు కూడేశాను.