అడిగింది బ్యాటరీ, అమ్మింది ఏఐ

2024 మే 20న మైక్రోసాఫ్ట్ ‘కోపైలట్ ప్లస్ పీసీ’ అనే కొత్త రకం కంప్యూటర్లను ప్రకటించింది. తన సర్ఫేస్ మోడళ్లతో పాటు డెల్, హెచ్‌పీ, లెనోవో వంటి కంపెనీలవీ జూన్ 18 నుంచి అమ్మకానికి వచ్చాయి. ఆ పేరు పెట్టుకోవాలంటే కనీసం 16 జీబీ ర్యామ్, 256 జీబీ స్టోరేజ్, సెకనుకు 40 లక్షల కోట్ల లెక్కలు చేసే ఎన్‌పీయూ ఉండాలి. ప్రచారమంతా ఈ ఎన్‌పీయూ చుట్టూనే. వాడేవాళ్లకు నిజంగా ఒరిగింది మాత్రం బ్యాటరీ, ర్యామ్ వల్ల.

ఎన్‌పీయూ అంటే ఏఐ లెక్కల కోసమే చేసిన చిప్ భాగం. వాటిని తక్కువ కరెంటుతో చేసేస్తుంది. బాగానే ఉంది, చేయించడానికి పని ఉండాలి కదా! ఈమెయిల్ రాసిపెట్టమని మైక్రోసాఫ్ట్ ఏఐ సహాయకుడైన కోపైలట్‌ను అడిగితే జవాబు వచ్చేది ఎక్కడో డేటా సెంటర్‌లోని సర్వర్ల నుంచి. పాత ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ తెరిచి అడిగినా వచ్చేది అక్కడి నుంచే. పేరు ఆ సేవది, డబ్బు ఈ చిప్‌కి. కొనేవాళ్లు తికమకపడటంలో వింతేముంది?

ఎన్‌పీయూ సొంతంగా చేసే పనులూ ఉన్నాయి. వీడియో కాల్‌లో వెనకున్న గదిని మసకబారుస్తుంది, పెయింట్‌లో పిచ్చిగీతలను బొమ్మగా మారుస్తుంది, 40కి పైగా భాషల మాటలను ఇంగ్లీషు క్యాప్షన్లుగా చూపిస్తుంది. చివరిది మంచి సౌకర్యమే. అయితే అనువాదం లేని మామూలు లైవ్ క్యాప్షన్లు 2022 నుంచే, ఏ ఎన్‌పీయూ లేకుండానే విండోస్ 11లో ఉన్నాయి.

ఇక ముఖ్య ఆకర్షణగా చూపించిన రీకాల్ సంగతి. స్క్రీన్‌పై కనిపించేదాన్ని కొన్ని సెకన్లకోసారి ఫొటో తీసి దాచి, ‘మొన్న చూసిన ఆ చార్టు ఎక్కడ?’ అంటే వెతికిపెడుతుంది. చూసిందెక్కడో మర్చిపోవడం అందరికీ ఉన్న బాధే, కాదనను. కానీ దాచుకున్న ఆ సమాచారాన్ని సులభంగా తీసుకుపోవచ్చని భద్రతా నిపుణులు విడుదలకు ముందే చూపించారు. దాంతో కంపెనీ వెనక్కి తగ్గింది. యూజర్ కోరితేనే ఆన్ అయ్యేలా మార్చింది, తర్వాత విడుదలనే వాయిదా వేసింది. చివరికి అందరికీ అందుబాటులోకి రావడం 2025 ఏప్రిల్లో మొదలైంది. కంప్యూటర్లు కొన్నవాళ్లు, ఏది చూపించి అమ్మారో దానికోసమే పది నెలలు ఎదురుచూశారన్నమాట. నాకైతే, పక్కన కూర్చుని ప్రతిదీ రాసుకునే గుమాస్తా ఎంత నమ్మకస్థుడైనా కాస్త టెన్షనే.

అలాగని ఈ కంప్యూటర్లు దండగ అనడం లేదు. మొదట వచ్చినవి క్వాల్‌కామ్ స్నాప్‌డ్రాగన్ ఎక్స్ చిప్‌లతో, అంటే ఫోన్లలో వాడే ఆర్మ్ పద్ధతిలో తయారయ్యాయి. బ్యాటరీ ఎక్కువసేపు వస్తోంది కాబట్టి ఛార్జర్ వెంట మోసుకెళ్లే బాధ తగ్గింది, మూత తెరవగానే సిద్ధంగా ఉంటున్నాయి. 2020లో తన ఎం1 చిప్‌తో యాపిల్ ఇదే చేసి చూపించింది, విండోస్ వాడేవాళ్లు అప్పటి నుంచీ అడుగుతున్నారు. 2012లో సర్ఫేస్ ఆర్‌టీ అనే ఆర్మ్ ట్యాబ్లెట్‌తో మైక్రోసాఫ్ట్ ఒకసారి ప్రయత్నించింది. పాత సాఫ్ట్‌వేర్ అందులో నడవలేదు. మరుసటి ఏడాది 90 కోట్ల డాలర్లు నష్టం కింద రాసుకుంది. ఈసారి పాత సాఫ్ట్‌వేర్‌ను ఆర్మ్ చిప్‌పై నడిపించే ప్రిజం అనే ఎమ్యులేటర్ చాలావరకు గట్టెక్కించింది. కొన్ని ఆటలు, పాత ప్రింటర్ డ్రైవర్లు మొండికేస్తాయి, అవి కావాల్సినవాళ్లు ఇంటెల్, ఏఎండీ చిప్‌లున్న మోడళ్లు చూసుకోవడం మేలు.

ర్యామ్ దగ్గరికొద్దాం. సన్నటి ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు, తర్వాత పెంచుకునే దారి ఉండదు. 8 జీబీతో కొన్నవాళ్లు ఇరవై ట్యాబ్‌లు, ఒక వీడియో మీటింగ్ ఒకేసారి తెరిస్తే ఏమవుతుందో వాళ్లకే తెలుసు. వాళ్ల మొర ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోలేదు. ఏఐ మోడళ్లకు మెమరీ కావాల్సి వచ్చేసరికి 16 జీబీ కనీస షరతైంది! 2024 అక్టోబర్లో యాపిల్ కూడా మ్యాక్‌బుక్ ఎయిర్‌ను 16 జీబీ నుంచే మొదలుపెట్టింది.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కని పాత కంప్యూటర్లున్న చాలామంది కొత్తది కొనాల్సి వస్తోంది. ఆ అవసరం నిజమే, కాకపోతే అది కంపెనీ గడువు తెచ్చిపెట్టింది. దానికీ ఎన్‌పీయూ అక్కర్లేదు. 16 జీబీతో సాఫీగా నడుస్తూ, విండోస్ 11 ఎక్కిన ల్యాప్‌టాప్ చేతిలో ఉంటే, ఈ చిప్ కోసమని మార్చడానికి నాకు ఇప్పటికైతే కారణం కనిపించడం లేదు.